"అప్పగించవద్దు" కనిపించాలి

కిటికీ అద్దానికి అడ్డంగా ఎవరిదో తడిసిన రెయిన్‌కోటు వేలాడుతోంది. దాని వెనక ఎర్ర అక్షరాల స్టిక్కరు ఉంది, నాకు తెలుసు, రెండేళ్ళుగా ఇదే బస్సు, దాదాపు ఇదే సీటు, ప్రమాదం జరిగితే ఈ అద్దం పగలగొట్టి బయటపడమని రాసి ఉంటుంది, పక్కనే చిన్న సుత్తి బొమ్మ, కానీ ఇవాళ ఆ కోటు పుణ్యమా అని ఒక్క అక్షరం కనిపించడం లేదు, ఇవాళే మొదటిసారి ఎక్కినవాళ్ళకి అక్కడ అలాంటిదొకటి ఉందన్న సంగతే తెలియదు, ఉంది కానీ కనిపించట్లేదు అని ఊరికే అనుకున్నాను, నిజంగా ఊరికే, తలనొప్పిగా ఉండి, బస్సు కదలక, అద్దం మీద కారే వానని చూస్తూ. అనుకున్న మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఉంది, కనిపించట్లేదు. మరి నా వాక్యమో? నా వాక్యం దేన్ని చూస్తుంది, ఉందా అనా, కనిపిస్తోందా అనా? ఆగు, ఆగు, కంగారుపడకు, నువ్వే రాశావు కదా, గుర్తు తెచ్చుకో, నాలుగే నాలుగు లైన్లు. మొదటి లైను పేజీ మొత్తం తీసుకుంటుంది. రెండోది అందులో మాట వెతుకుతుంది. మూడోది దొరికితే సరే అంటుంది. నాలుగోది, నాలుగోది ఒకప్పుడు ఉండేది. టైము చూశాను. అయిదూ ఇరవై అయింది, ఆరింటికల్లా డే కేర్‌లో పిల్లలందర్నీ అప్పగించేసి గేటు మూసేస్తారు, నేనింకా వంతెన ఇవతలే ఉన్నాను.

నా ఉద్యోగం వాక్యాలు రాయడం. ఎవరైనా అడిగితే అలాగే చెబుతాను, కథలు రాస్తావా అంటారు, కాదండీ, కంప్యూటరు చదివి చేసే వాక్యాలు అంటే, అదేం ఉద్యోగమమ్మా అన్నట్టు చూస్తారు. పిల్లల్ని చూసుకునే డే కేర్ కేంద్రాలకి మా కంపెనీ ఒక వెబ్‌సైటు తయారు చేసింది, బిడ్డ ఎన్నింటికి వచ్చింది, తిందా, పడుకుందా, సాయంత్రం ఎవరొచ్చి తీసుకెళ్ళారు, అన్నీ అందులోనే, మా పాప ఉండే కేంద్రంలోనూ అదే. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో ఏ చిన్న మార్పు చేసినా చూసుకోవాలి, మనుషులు చూస్తే రెండ్రోజులు పడుతుంది, అందుకని నేను మామూలు మాటల్లో రాసి పెడతాను: గేటు పేజీ తెరిచాను, వచ్చినవాళ్ళ గుర్తింపు కార్డు నంబరు దగ్గర ఫలానా అంకె రాశాను, 'చూడు' నొక్కాను, అప్పుడు 'అప్పగించవద్దు' కనిపించాలి. ఒక్కో వాక్యం వెనక నేనే రాసిన చిన్న కోడు ముక్క ఉంటుంది, వాక్యం చదవగానే యంత్రం ఆ ముక్కని పట్టుకుని ఆ పని చేస్తుంది, అన్నీ సరిపోతే పచ్చ, ఒక్కటి తప్పినా ఎరుపు. నేను చేరిన కొత్తలో ఆ ముక్కలు మూడు వందల పైచిలుకు ఉండేవి, సెలవు పేజీలో సందేశం కనిపించాలి అని ఒకటి, హాజరు పేజీలో సందేశం కనిపించాలి అని ఇంకొకటి, ఎవరికి తోచింది వాళ్ళు రాసుకున్న గందరగోళం. నెల రోజులు కూర్చుని పదకొండుకి దింపాను. ఫలానాది తెరిచాను, ఫలానాది రాశాను, ఫలానాది నొక్కాను, ఫలానాది కనిపించాలి. ఆ ఫలానా అన్నచోట ఏ మాట పెట్టినా సరే, ఏ పేజీకైనా సరే, అదే ముక్క పనికొస్తుంది. మా టీమ్ లీడు, ఆయన్ని మేం చాటుగా హెడ్మాస్టరు అంటాం, అందరి ముందూ స్క్రీను మీద చూపించి, "పనంటే ఇదమ్మా, చదివితే మా ఆవిడకి కూడా అర్థమవుతుంది" అన్నారు. వాళ్ళావిడ లెక్కల లెక్చరరు, ఆవిడకి అర్థంకాకపోవడమేమిటని వెనక నుంచి ఎవరో గొణిగితే అందరూ నవ్వారు. ఆ రోజు నా కాళ్ళు నేలమీద లేవు. 'కనిపించాలి' అనే ఆ ఒక్క ముక్కని ఇప్పుడు రెండు వందల పన్నెండు చోట్ల వాడుతున్నాం.

నాలుగో లైను ఏమైందో నాకు తెలుసు, తెలియనట్టు నటిస్తున్నాను గానీ. దొరికిన మాట మనిషి కంటికి ఆనే చోట ఉందా, ఏదైనా తెర చాటున ఉందా అని చూసే లైను అది. పేజీలు నెమ్మదిగా తెరుచుకునే రోజుల్లో అదే మమ్మల్ని చంపుకుతినేది, మాట తెరమీదికి వచ్చేలోపే చూసేసి లేదంటుంది, పదిసార్లలో ఒకసారి ఉత్తి పుణ్యానికి ఎరుపు. కాసేపు ఆగి చూడమని రాస్తే సరిపోయేది, దానికో పూట పని. ఆ పూట నా దగ్గర లేదు. పోయినేడాది బుడంకాయని వాళ్ళ నాన్న తీసుకెళ్ళిపోయిన రెండో రోజు అది. బుడంకాయంటే నా కూతురు, అప్పటికి అయిదేళ్ళది, పుట్టినప్పుడు బొద్దుగా ఉందని మా అక్క పెట్టిన ముద్దుపేరు. మాకు విడాకులై ఆర్నెల్లు. అతను డే కేర్‌కి వెళ్ళి, నేను వాళ్ళ నాన్నని అని చెప్పి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోయాడు, ఫోను కట్టేశాడు. నేను పోలీస్ స్టేషన్ బల్ల మీద కూర్చున్నాను, ఆఫీసు నుంచి ఫోను, అమ్మా ఏమనుకోకు, ఎరుపు దగ్గర ఆగిపోయాం, నువ్వే చూడాలి. లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఆ లైను పనిచేయకుండా పక్కకి తప్పించి, పైన 'తర్వాత సరిచేయాలి' అని రాసుకున్నాను. అంతా పచ్చబడింది. మూడో రోజు పొద్దున్న పిల్ల దొరికింది, కాళ్ళకి కొత్త బూట్లు, ఒళ్ళు నూట రెండు జ్వరం, రెండు వారాలపాటు బాత్రూంకి కూడా నా కొంగు వదిలి వెళ్ళలేదు. నా కూతుర్ని నేను తీసుకెళ్తే తప్పేంటన్నాడు. తప్పేనని కోర్టు చెప్పింది. బిడ్డని ఇవ్వకూడని మనుషుల పేర్లతో ఎర్ర జాబితా అని ఒకటి మా సైటులో పెట్టించింది నేనే, మీటింగులో బల్ల గుద్ది మరీ పెట్టించాను, దానికి పరీక్ష రాసింది కూడా నేనే, ఆ మూడు లైన్ల 'కనిపించాలి'తోనే రాశాను. తర్వాత సరిచేయాలన్న ఆ తర్వాత ఇంతవరకూ రాలేదు.

రాకపోయినా ఇన్నాళ్ళూ కొంప మునగలేదు, ఎందుకంటే పాత గేటు పేజీలో 'అప్పగించవద్దు' అనే ఎర్ర పట్టీ అవసరమైతేనే పేజీలోకి వచ్చేది, ఉందంటే కనిపించినట్టే. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి కొత్త పేజీని అన్ని కేంద్రాలకీ వదిలాం. డిజైను చేసే అమ్మాయి ముచ్చటగా మార్చింది, ఎర్ర పట్టీ, పచ్చ పట్టీ రెండూ ఎప్పుడూ పేజీలోనే ఉంటాయి, ఏది కావాలో దాని మీద తెర తొలగుతుంది. తొలగకపోతే? తొలగకపోతే ఎర్ర పట్టీ తెర వెనక కూర్చుని ఉంటుంది, నా వాక్యం తెర వెనక్కి తొంగిచూసి, ఆహా ఉందిగా, పచ్చ అంటుంది. అన్నీ పచ్చ సార్, వదలొచ్చు, అని మూడుకి అయిదు నిమిషాలుండగా చెప్పిన నోరు ఇదే. చెప్పి వెళ్ళి టీ కూడా తాగింది. మా అమ్మ ఎక్కడికి బయల్దేరినా తాళం వేశావా అని అడిగేది, వేశానమ్మా అంటే వినకుండా మళ్ళీ మెట్లెక్కి వెళ్ళి తాళం పట్టుకుని గుంజి చూసేది, నామీద నమ్మకం లేదా అని నేను మూతి ముడుచుకుంటే, నీమీద ఉందే తల్లీ, తాళం మీద లేదు అనేది. వెళ్ళి గుంజి చూడవే మొద్దూ, ఇక్కడ కూర్చుని వణకడం దేనికి. ఫోను తీశాను. పరీక్షల కోసం మాకు వేరే సైటుంది, అసలుదానికి అచ్చు నకలు. అందులో దొంగ మామయ్య ఉంటాడు, నేను సృష్టించిన ఉత్తుత్తి మనిషి, ఎర్ర జాబితాలో మొట్టమొదటివాడు, ఆ పేరు పెట్టిన రోజు టీమంతా పడీపడీ నవ్వాం. గేటు పేజీ తెరిచాను. కార్డు నంబరు దగ్గర దొంగ మామయ్య అంకె రాశాను, వేళ్ళు జారిపోయి మళ్ళీ రాశాను. చూడు నొక్కాను. అప్పుడు. అప్పుడు చక్రం తిరిగింది, తిరిగింది, పచ్చ పట్టీ వచ్చింది, 'అప్పగించవచ్చు'. మళ్ళీ నొక్కాను, మళ్ళీ పచ్చ. ఫోనులో టైము అయిదూ ఇరవై ఏడు.

"ఒంట్లో బాగాలేదా అమ్మా?" పక్క సీటు పెద్దావిడ వంగి నా మొహంలోకి చూస్తోంది, బాగానే ఉందండీ అన్నాను, ఏం బాగు, నా మొహం. నిన్న బుడంకాయ వాళ్ళ నాన్న దగ్గర్నుంచి మెసేజీ వచ్చింది, ఒక్కసారి దాన్ని చూడాలనుంది, అంతే, ఇంకో మాట లేదు, నేను జవాబివ్వలేదు, జవాబివ్వకపోతే ఊరుకునే మనిషి కాదు. పాత గేటు అక్క అయితే మొహం చూసి గుర్తుపట్టేది, పోయినేడాది తిన్న తిట్లకి అతని మొహం ఆవిడ ఈ జన్మలో మర్చిపోదు, కానీ ఆవిడ మానేసి రెండు వారాలైంది, కొత్త అక్కకి పిల్లల పేర్లే ఇంకా రాలేదు, స్క్రీను ఏం చెప్తే అదేనమ్మా నాకు అని మొన్ననే నాతో అంది, నేను గర్వంగా తలూపాను కూడా. గేటుకి ఫోను చేశాను, బిజీ. మళ్ళీ బిజీ. ఈ వేళప్పుడు అమ్మలందరూ వానలో ఇరుక్కుని అదే నంబరు నొక్కుతుంటారు. అతను ఇప్పుడు గేటు ముందు నిలబడి ఉంటే? కార్డు చూపించి ఉంటే? బుడంకాయ అరవదు, అదే నా భయం, అది భయపడితే కుక్కిన పేనులా అయిపోతుంది, చెయ్యి పట్టుకుంటే నడిచి వెళ్ళిపోతుంది. అయిదోసారి బిజీ. బస్సు రెండడుగులు కదిలి ఆగింది. దిగి పరిగెడదామా అంటే వంతెన మీద దిగనివ్వరు, పైగా నాలుగు కిలోమీటర్లు. ఆరోసారి మోగింది, ఎత్తారు.

"హలో ఎవరండీ?"

"అక్కా, నేను, ఏనుగు సంచి పాప వాళ్ళమ్మని. పాప ఉందా?"

"ఉందమ్మా, బొమ్మలేసుకుంటోంది, ఇక్కడే నా ఎదురుగానే."

"అక్కా, నేనొచ్చేదాకా ఎవరొచ్చినా ఇవ్వద్దు. స్క్రీను ఏం చూపించినా సరే, మా పాపని మాత్రం ఇవ్వద్దు. నీకు దణ్ణం పెడతాను."

"అయ్యో, అదేం మాటమ్మా. ఇవ్వన్లే. ఏంటి, స్క్రీనులో ఏమన్నా తేడా ఉందా?"

"అబ్బే, అదేం లేదక్కా. మా ఇంటి విషయం."

పెట్టేసింది. ఉంది, పిల్ల ఉంది, ఎదురుగా బొమ్మలేసుకుంటోంది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పక్కావిడ చూడకుండా తుడుచుకున్నాను, ఊరట ఇప్పుడొచ్చింది. వచ్చి నిమిషమన్నా ఉండలేదు. అబ్బే అదేం లేదక్కా. ఎంత తేలిగ్గా వచ్చింది నోట్లోంచి! తేడా ఉందక్కా, స్క్రీనుని నమ్మకు, ఇవాళ్టికి అందర్నీ మొహాలు చూసి, అమ్మలకి ఫోను చేసి అడిగి పంపించు, అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ ఒక్క కేంద్రంలోనే ఏడుగురు పిల్లలకి ఎర్ర జాబితా ఉంది, లెక్క నాకు తెలుసు, పేజీ తయారుచేసేటప్పుడు అడిగి తెలుసుకున్నాను, ఏడుగురిలో నాది పోగా ఆరుగురు, ఇలాంటి కేంద్రాలు మొత్తం పదకొండు. మళ్ళీ చెయ్యి అక్కకి. చేస్తే, తేడా ఉందని నీకెలా తెలుసమ్మా అంటుంది, అది డైరెక్టరు దాకా వెళ్తుంది, అక్కడ్నుంచి మా కంపెనీకి. అంతకంటే హెడ్మాస్టరుకి చెయ్యి, కొత్తది తీసేసి పాత పేజీకి వెనక్కి తిప్పడానికి నాలుగు నిమిషాలు, పదకొండు చోట్లా ఒకేసారి సరైపోతుంది. సార్, గేటు పేజీ వెంటనే వెనక్కి తిప్పాలి, అని కొట్టాను. చెరిపేశాను. సార్, చిన్న సందేహం, అని కొట్టాను. చిన్నదా? సిగ్గులేకపోతే సరి. చెరిపేశాను. రేపు ఆఫీసులో గాజు గోడల మీటింగు గదిలో అందరూ గుండ్రంగా కూర్చుంటారు, హెడ్మాస్టరు ఆ మూడు లైన్లని స్క్రీను మీద పెద్దది చేసి చూపిస్తారు, తప్పించిన లైను, పైన నా పేరు, తారీఖు, తర్వాత సరిచేయాలి, రెండు వందల పన్నెండు చోట్ల ఉన్నదంతా ఉత్త పచ్చ రంగేనా అమ్మా, అంటారు, ఆయన అరవరు, మెల్లగా అడుగుతారు, అదే భరించలేను. వచ్చే నెల నా కాంట్రాక్టు మళ్ళీ రాయాలి. ఉద్యోగం పోతే? కోర్టులో మొదటి ప్రశ్న అదే అడిగారు, ఉద్యోగం ఉందా, బిడ్డని చూసుకోగలవా, ఉందండీ అన్నాను కాబట్టి నా దగ్గర ఉంచారు, లేదంటే అతని లాయరు మర్నాడే మళ్ళీ కేసు వేస్తాడు. నా బిడ్డ పోతుంది. కంగారుపడి పిచ్చి పని చేయకు, ముందు పిల్లని కళ్ళారా చూసుకో, ఇంటికెళ్ళు, లాప్‌టాప్ తెరిచి ఆ లైను సరిచెయ్యి, అప్పుడు పరీక్ష దానంతటదే ఎరుపు చూపిస్తుంది, సార్ ఇప్పుడే ఏదో దొరికింది అని చెప్పు, అబద్ధం కాదు కదా. అరగంటలో ఏం మునిగిపోతుంది? ఆరుగురు నాన్నలూ ఇవాళే వస్తారా? నాన్నలే అని ఎవరన్నారు, ఎవరి భయం ఏమిటో నాకేం తెలుసు, కొన్ని పేర్ల పక్కన బంధుత్వం దగ్గర ఖాళీ వదిలేశారు, రాయడానికి కూడా చెయ్యి రాక వదిలేశారేమో. ఫోను ఒళ్ళో బోర్లా పెట్టాను. బస్సు కదిలింది, వంతెన దాటింది, దాటాక ఇంకా భయమేసింది, ఇందాకటి భయానికి ఒక ముఖం ఉండేది, ఇప్పుడు లేదు. ఫోను మళ్ళీ తిప్పాను, అయిదూ నలభై ఆరు, సార్, అని కొట్టి ఆ ఒక్క మాట వంకే చూస్తూ కూర్చున్నాను. స్టాపు వచ్చింది, దిగిపోయాను.

వానలో పరిగెత్తాను, చెప్పు తెగితే చేత్తో పట్టుకుని పరిగెత్తాను. బుడంకాయ గేటు గదిలో బెంచీ మీద కూర్చుని ఉంది, ఒళ్ళో ఏనుగు సంచి, కాళ్ళు ఊపుతోంది, నన్ను చూసి, "అమ్మా, నీ చెప్పు చచ్చిపోయిందా?" అంది. కింద కూలబడి దాన్ని పొదివి పట్టుకున్నాను, మెడలో మొహం పెట్టుకుని ఏడ్చేశాను, రంగు పెన్సిళ్ళ వాసన, చెమట వాసన, తడిసిపోతున్నానమ్మా వదులు అని గింజుకుంది, వదల్లేదు. కొత్త గేటు అక్క నా వీపు నిమిరింది. "ఇచ్చేస్తానా అమ్మా, నువ్వంత చెప్పాక. పక్కకి కూడా పోనివ్వలా." ఆవిడ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. ఇప్పుడు చేస్తాను, ఇప్పుడే చేస్తాను హెడ్మాస్టరుకి, పిల్ల నా చేతుల్లో ఉంది కదా, ఇంక దేనికి భయం, అనుకుంటూ ఫోను తీసి ఆయన నంబరు వెతుకుతున్నాను, వెనక గేటు కిర్రుమంది.

మందుల షాపావిడ. రోజూ చూస్తాను, కొడుకు బుడంకాయ కంటే ఏడాది చిన్న, నవ్వి పలకరించుకోవడమే తప్ప ఎప్పుడూ కూర్చుని మాట్లాడుకోలేదు. హెల్మెట్ మోచేతికి తగిలించుకుని, మొహం మీద నీళ్ళు తుడుచుకుంటూ, "మావాణ్ణి పిలవండక్కా, లేటైపోయింది" అంది.

"మీ బాబా? వాళ్ళ నాన్న వచ్చి తీసుకెళ్ళారు కదమ్మా. పావుగంటైంది."

"వాళ్ళ నాన్నా?"

ఆ మాట చాలా చిన్నగా అంది. హెల్మెట్ కిందికి జారి దొర్లింది, ఎవరూ తీయలేదు. "ఆయన పేరు ఎర్ర జాబితాలో ఉందక్కా. నేనే రాయించాను. చేతి మీద కుట్లు చూపించి మరీ రాయించాను."

గేటు అక్క బల్ల మీది టాబ్లెట్ తీసి ఆవిడకేసి తిప్పింది, ఒకసారి నొక్కింది, రెండోసారి నొక్కింది, గదంతా పచ్చ వెలుగు. "చూడమ్మా, ఇదిగో, ఇవ్వచ్చనే ఉంది, నా తప్పేముంది చెప్పు, నేను చదివి, మళ్ళీ చదివి ఇచ్చాను. ఈవిడలా ముందే ఫోను చేసి ఉంటే ఆపేదాన్ని కదా. స్క్రీను ఏం చూపించినా మా పాపని మాత్రం ఇవ్వద్దందీవిడ, అందుకే పక్కనే కూర్చోబెట్టుకున్నాను."

పావుగంట. అంటే అయిదూ నలభై అయిదు దరిదాపు. నేను గేటుకి ఫోను చేసింది అయిదూ ముప్పై రెండుకి. వెనక్కి తిప్పడానికి నాలుగు నిమిషాలు. ఈ లెక్క చేయడానికి నాకు క్షణం కూడా పట్టలేదు, చేయకుండా ఉండడం చేతకాలేదు. మందుల షాపావిడ నావైపు తిరిగింది. కోపంగా కాదు. సాయం అడిగేవాళ్ళు చూసినట్టు చూసింది, నా పక్కనున్న బుడంకాయని చూసింది, మళ్ళీ నన్ను చూసింది, తడి చేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"మీకెలా తెలిసిందండీ? మీకు ముందే తెలుసా?"

ఇంటి విషయం అన్న మాట మళ్ళీ నాలుక చివరి దాకా వచ్చింది. బుడంకాయ నా కొంగు పట్టుకుని, పోదాం పద అమ్మా, అని లాగుతోంది.

"తెలుసండీ," అన్నాను. "అరగంట నుంచీ తెలుసు."